గుమ్మం దాటని చెకుముకి తుపాకి

తుపాకుల సంతలో లూథర్ హైమ్ బల్ల వేయడం ఇదే ఆఖరిసారి అని విన్నప్పటి నుంచీ ఎర్మా గెర్హార్ట్ మనసు మనసులో లేదు. ఆ సంగతి లూథరే ఫోన్లో చెప్పాడు.

"కళ్ళు పోతున్నాయి ఎర్మా. మధ్యలో ఉన్నదేదీ కనిపించడం లేదు. చుట్టూ అంచులు మాత్రం కనిపిస్తున్నాయి. శనివారం సంత అయిపోగానే బల్ల తీసేస్తున్నా. మీ నాన్న తుపాకి ఒక్కసారి తెస్తావా? ఆ మాత్రమైనా కనిపిస్తుండగానే చూసుకోవాలని ఉంది."

తెస్తానంది ఎర్మా. 

ఆ తుపాకి ఆమె తండ్రి రూబెన్ గెర్హార్ట్ రెండు శీతాకాలాల పాటు కూర్చుని తన చేతులతో తయారుచేసింది. పొడుగాటి గొట్టం, అలలు అలలుగా చారలున్న మేపుల్ కర్ర, చెకుముకి రాయి తగిలి నిప్పురవ్వ పుడితే పేలే పాతకాలపు పద్ధతి. లూథర్ అప్పట్లో రూబెన్ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడు. తుపాకి మడమకు, అంటే భుజానికి ఆనించే కొసకు, బిగించిన ఇత్తడి మూత అతను చేసిందే. అంతకు ముందు లూథర్ చేసిన మూతలన్నీ రూబెన్ ఒక్కమాట కూడా అనకుండా చెత్తడబ్బాలో పడేశాడు. ఇది మాత్రం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసి, మేకులు తెమ్మన్నాడు. ఆ రోజు లూథర్ వాళ్ళింట్లోనే భోంచేశాడు. ఆనందం పట్టలేక సూపులో ఉప్పు రెండుసార్లు వేసుకున్నాడు. ఎర్మాకది ఇప్పటికీ గుర్తే.

శనివారం పొద్దున్నే తమ్ముడు మాలన్ ట్రక్కు వేసుకుని వచ్చాడు. ఎర్మా తుపాకిని పాత దుప్పట్లో చుట్టి, రెండు చేతుల మీదా పెట్టుకుని మెట్లు దిగింది. ముంజేతికి ఒక గుడ్డసంచీ వేలాడుతోంది. అందులో లూథర్ కోసం చెరకుపాకం పోసి కాల్చిన 'పై' అనే తీపి రొట్టె ఉంది.

"ఏంటక్కా, దానికి కూడా సీటు బెల్టు పెడతావా?" అన్నాడు మాలన్.

"పెడతాను. నువ్వు నడిపేది నాకు తెలియదా?"

"నలభై ఏళ్ళ నుంచి నడుపుతున్నా. ఇంతవరకూ ఒక్క గీత పడలేదు."

"ఆ పాల దుకాణం వాళ్ళ కంచె?"

"కంచె తనే అడ్డం వచ్చింది."

ఫిబ్రవరి నెల. రోడ్డు పక్కన పాత మంచు మురికిపట్టి గట్టిపడి ఉంది. సంత ఇప్పుడు పెద్దరోడ్డు పక్కన కొత్తగా కట్టిన ప్రదర్శనశాలలో జరుగుతోంది. రేకుల కప్పు, కిటికీలు లేని గోడలు, ఫుట్‌బాల్ మైదానమంత కార్ల జాగా. దాన్ని చూస్తే ఎర్మాకు తుపాకుల సంతకు వచ్చినట్టు అనిపించలేదు, విమానాశ్రయానికి వచ్చినట్టు అనిపించింది.

ఆమెకు తెలిసిన సంత ఇది కాదు. అది మిల్ క్రీక్ ఫైర్ హాల్లో జరిగేది. ఆ రోజు మంటలార్పే బళ్ళు రెండింటినీ బయట మంచులో నిలబెట్టి, లోపల నూనె మరకల మీద రంపపు పొట్టు చల్లి బల్లలు వేసేవాళ్ళు. వెనక వంటగదిలో ఎర్మా తల్లీ, మిగతా ఆడవాళ్ళూ కోడిమాంసం, మొక్కజొన్న గింజలు వేసి పెద్ద పెద్ద డేగిసాల్లో సూపు కాచేవాళ్ళు. ఆ ఆవిరికి హాలు కిటికీలన్నీ మసకబారేవి. సూపు వాసన, తుపాకి నూనె వాసన, చుట్టపొగ, తడిసిన ఉన్ని కోట్ల వాసన అన్నీ కలిసి ఒకటే వాసన అయ్యేది. పెళ్ళయి పై ఊరు వెళ్ళాక కూడా, ఎక్కడైనా అందులో సగం వాసన తగిలినా ఎర్మాకు కాళ్ళు ఆగిపోయేవి. ఒక్కోసారి సంత మధ్యలో సైరను మోగేది. ఆ మోతకు సగం మంది మగవాళ్ళు బల్లలు ఎక్కడివక్కడ వదిలేసి పరుగెత్తి బళ్ళెక్కేవాళ్ళు. ఏ కొట్టంలో మంటలో ఆర్పి, మసి ముఖాలతో మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చేవాళ్ళు. బల్లల మీది వస్తువు ఒక్కటి కూడా కదిలేది కాదు.

అక్కడా తనిఖీ ఉండేది. ఒక ఏడాది ఎవరి తుపాకో హాల్లోనే పేలి కప్పుకు చిల్లు పడింది. అప్పటి నుంచి రూబెన్ గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఇలాంటి తుపాకి ఎవరు తెచ్చినా, గొట్టం కింద ఇమిడి ఉండే సన్నటి కూరుడుకర్రను తీసి గొట్టంలోకి జారవిడిచేవాడు. గొట్టం మూతి దగ్గర కర్రను వేళ్ళతో పట్టుకుని, బయటికి లాగి, గొట్టం పక్కన ఆనించి చూసేవాడు. కర్ర కొస గొట్టం అడుగుదాకా వస్తే లోపల ఏమీ లేనట్టు. రాకపోతే మందూ గుండూ ఉన్నట్టు. "వెళ్ళు, సూపు తాగు" అనేవాడు. అంతే తనిఖీ.

ఇక్కడ గుమ్మం దగ్గర రెండు తాళ్ళు కట్టి రెండు వరసలు చేశారు. ఉత్తచేతులతో వచ్చినవాళ్ళు ఎడమ వరస, తుపాకి తెచ్చినవాళ్ళు కుడి వరస. ఎర్మాతో పాటు కుడి వరసలోకి వచ్చిన మాలన్‌ను పసుపు చొక్కా తొడుక్కున్న ఒక అమ్మాయి ఆపింది. ఆమె ఛాతీ మీద షానా అని పేరు రాసి ఉంది. చలికి ముక్కు ఎర్రబడింది.

"ఒక తుపాకికి ఒక మనిషే సార్. మీరు అటు వెళ్ళాలి."

"మా అక్క. డెబ్బై దాటింది. బరువు మోయలేదు."

"ఎవర్రా మోయలేనిది?" అంది ఎర్మా.

మాలన్ నవ్వుకుంటూ తాడు అవతలికి వెళ్ళాడు.

"సంచీ తెరవండి మేడం," అంది షానా. చెయ్యి పెట్టి చూసి, కుట్టుపనికి వాడే చిన్న కత్తెర బయటికి తీసింది. "ఇది లోపలికి రాదు. మొన కొలతకు మించి ఉంది."

ఎర్మా తలుపు అద్దంలోంచి లోపలికి చూసింది. మొదటి బల్ల మీదే కత్తులు, బాకులు, వేటకొడవళ్ళు తళతళలాడుతున్నాయి.

"లోపల మనిషంత కత్తులు అమ్ముతున్నారు కదమ్మా!"

"అవి వేరే తలుపులోంచి వచ్చాయి మేడం."

తాడు అవతల మాలన్ పకాలున నవ్వాడు. ఎర్మా వాడి వైపు ఒక చూపు చూసింది.

"ఈ డబ్బాలో ఏముంది?"

"పై."

"బయటి తిండి లోపలికి రాదు. రూలు."

"ఇది తిండి కాదమ్మా. ఒక పెద్దాయనకు ఇవ్వాల్సింది."

"ఆయన తింటారా?"

"తినకేం చేస్తాడు?"

"అయితే తిండే మేడం."

పై డబ్బా తాడు మీదుగా మాలన్ చేతికి వెళ్ళింది. ట్రక్కులో పెట్టి వస్తానని అతను బయల్దేరాడు. తన వరసలో చోటు పోతుందని తెలిసీ వెళ్ళాడు. కత్తెర షానా దగ్గర ఉన్న కవర్లోకి వెళ్ళింది.

ఆ తర్వాత ఎర్మా దుప్పటి విప్పి తుపాకిని తనిఖీ బల్ల మీద పెట్టింది. వరసలో వెనకున్న గడ్డపాయన "ఆహా, ఏం వస్తువు!" అన్నాడు. ఎర్మాకు ఒంట్లోకి కాస్త వెచ్చదనం వచ్చింది.

షానా చేతిలో ఎర్రటి ప్లాస్టిక్ పట్టీల కట్ట ఉంది. ఆమె తుపాకిని ఇటునుంచీ అటునుంచీ చూసింది.

"ఇది ఎలా తెరుచుకుంటుంది మేడం?"

"తెరుచుకోదు."

"తెరుచుకోవాలి. తూటా ఉండే చోటు తెరిచి, అందులోంచి పట్టీ దూర్చి బిగించాలి. అప్పుడే లోపలికి."

"దీనికి అలాంటి చోటే లేదమ్మా. తూటాలు లేని కాలం నాటి పద్ధతి ఇది. మూతి లోంచే మందు పోసి, గుండు కూరతారు."

"మరి పట్టీ ఎక్కడ వేయాలి?"

"నేనూ అదే అడుగుతున్నా."

షానా పట్టీని తుపాకి పేల్చే మీట చుట్టూ తిప్పి చూసింది. అది లెక్కలోకి రాదని తనే అనుకుని తీసేసింది. చెకుముకి రాయిని పట్టి ఉంచే దవడల సందులోంచి దూర్చబోయింది. పట్టీ కొస ఇనుము మీద కిర్రుమంది.

"గీత పడుతుంది! వదులు!" ఎర్మా ఆమె చేతిని తోసేసింది.

వరసలో గొణుగుడు మొదలైంది. షానా భుజానికున్న రేడియోలో ఏదో చెప్పింది. కాసేపటికి లోపల్నుంచి సూపర్వైజరు వచ్చాడు. పెద్ద శరీరం, అలసిపోయిన ముఖం. మెడలో వేలాడుతున్న అట్ట చూసి చదివినట్టు చెప్పాడు.

"పట్టీ వేయడం కుదరని ఆయుధం లోపలికి రాదమ్మా."

"లోపల లూథర్ హైమ్ బల్ల నిండా ఇలాంటివేగా ఉన్నాయి!"

"బల్లలవాళ్ళవి నిన్న విడిగా చూశారు. ఇవాళ వచ్చే వాటికి పట్టీ ఉండాలి."

"అంటే ఇదే తుపాకి నిన్న వచ్చి ఉంటే మంచిది, ఇవాళ వచ్చింది కాబట్టి చెడ్డదా?"

"నేను పెట్టిన రూలు కాదమ్మా."

"ఎవరు పెట్టారు మరి? పిలువు."

"ఆయన ఫ్లోరిడాలో ఉన్నారు."

వెనక ఎవరో నవ్వారు. ఎర్మాకు చెవులు వేడెక్కాయి. పై పోయింది, కత్తెర పోయింది, తమ్ముడు కూడా పక్కన లేడు. అన్నీ సహించింది. కానీ అద్దం అవతల ఎక్కడో లూథర్ బల్ల ముందు కూర్చుని గుమ్మం వైపు చూస్తూ ఉంటాడు. ఆ చూసేది కూడా పక్కచూపుతో. అది తలుచుకోగానే ఆమెకు ఆగలేదు.

"నీకు కావాల్సింది ఇది ఖాళీ అని తెలియడమేగా? చూడు. ఈ తనిఖీ చేసింది మా నాన్న. నువ్వు పుట్టకముందు సంగతి. రూబెన్ గెర్హార్ట్ కూతుర్ని నేను. నాకు తుపాకి గురించి చెప్పొద్దు."

తుపాకిని నిలబెట్టింది. కూరుడుకర్ర సర్రున లాగింది. అందరూ చూస్తుండగా గొట్టంలోకి జారవిడిచింది.

అడుగున ఉక్కుకు తగిలి టంగుమనాలి. ఆ చప్పుడు ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. కానీ థప్ మంది, తలగడ మీద గుద్దినట్టు.

ఎర్మా మూతి దగ్గర కర్రను వేళ్ళతో పట్టుకుని, బయటికి లాగి, గొట్టం పక్కన ఆనించింది. కర్ర కొస అడుగుదాకా రాలేదు. నాలుగు వేళ్ళ వెడల్పు తక్కువైంది. మళ్ళీ వేసి చూసింది. మళ్ళీ అంతే.

గడ్డపాయన మెల్లగా రెండడుగులు వెనక్కి వేశాడు. ఇందాక నవ్విన మనిషి నవ్వలేదు.

"మేడం," అన్నాడు సూపర్వైజరు. గొంతు మారిపోయింది, చాలా నెమ్మదిగా ఉంది. "తుపాకిని బల్ల మీద పెట్టండి. మూతి గోడవైపు. వెనక్కి రండి."

ఎర్మా చెప్పినట్టే చేసింది. రవ్వ పడేచోట మందు లేదు కాబట్టి అది దానంతటది పేలదని ఆమెకు తెలుసు, సూపర్వైజరుకూ చెప్పింది. ఆ మాట చెబుతుంటే తన గొంతు తనకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది. మందున్న తుపాకితో గుమ్మం దాకా వచ్చినవాళ్ళకు ఆ రోజుకు లోపలికి అనుమతి లేదట.  సూపర్వైజరు తనే తుపాకిని దుప్పట్లో చుట్టి, మూతి నేలవైపు పెట్టుకుని, ట్రక్కు దాకా మోసుకొచ్చి వెనక పెట్టి వెళ్ళాడు. మాలన్ నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు.

అక్కాతమ్ముళ్ళు ముందు సీట్లో కూర్చున్నారు. అద్దాలు వాళ్ళ ఊపిరికి మసకబారాయి.

"ఎవరు కూరారు?" అంది ఎర్మా.

"నన్నడుగుతావేం? నువ్వు నన్ను ముట్టుకోనిస్తేగా!"

"నేను పైపైన నూనెగుడ్డతో తుడుస్తానంతే."

"అయితే నాన్నే."

ఆ మాట అన్నాక మాలన్ ఏదో గుర్తొచ్చినవాడిలా ఆగిపోయాడు. ఎర్మాకూ అదే గుర్తొచ్చింది.

రూబెన్‌కు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆసుపత్రిలో ఉన్న ఆ కొద్దిరోజులూ ఇద్దరూ వంతులు వేసుకుని పక్కన కూర్చున్నారు. ఎర్మా కూర్చున్నప్పుడు తండ్రి ఆమె చెయ్యి పట్టుకుని, బలమంతా కూడదీసుకుని "ఎర్మా... తుపాకి... లో... లో..." అన్నాడు. తుపాకి నీది, లోపలే ఉంచుకో, బయటికి పోనివ్వకు అని చెబుతున్నాడని ఎర్మా అర్థం చేసుకుంది. "అలాగే నాన్నా" అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఓపిక లేక ఊపాడనుకుంది. మాలన్ వంతు వచ్చినప్పుడు "మాలన్... తుపాకి..." అన్నాడు. తుపాకి కొడుక్కే ఇచ్చాడని మాలన్ నమ్మాడు. సమాధి మీద మట్టి ఆరకముందే అక్కాతమ్ముళ్ళు తగువుపడ్డారు. రెండు క్రిస్మసులు మాటల్లేవు. ఆ తర్వాత మాటలు కలిశాయి గానీ, తుపాకి మాత్రం ఎర్మా ఇంట్లో గోడకే ఉండిపోయింది. ప్రతి శీతాకాలం వేటకు తీసుకెళ్తానని మాలన్ అడగడం, కుదరదని ఆమె అనడం. ఇరవై ఏళ్ళ నుంచీ ఇదే.

"లోడు," అన్నాడు మాలన్ నెమ్మదిగా. "లో... లో... అంటే లోడు చేసి ఉందని. నీకూ అదే చెప్పాడు. నాకూ అదే చెప్పాడు."

ఎర్మా ముఖం చేతుల్లో దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని మాలన్ చెయ్యి వేయబోయాడు. ఆమె ముఖం ఎత్తింది. నవ్వుతోంది. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి.

"మంచం మీద నుంచి ప్రాణం బిగబట్టి, జాగ్రత్తర్రా అని చెబితే, మనం ఆస్తి పంచుకున్నాం!"

"నువ్వు అలాగే నాన్నా అన్నప్పుడు ఆయనకెలా ఉండి ఉంటుందో."

"నోర్ముయ్యరా, ఇంకా గుర్తుచేయకు."

"తల అడ్డంగా ఊపాడని అప్పుడే చెప్పావు కదే నువ్వు!"

ఇద్దరూ కాసేపు అలా నవ్వారు. ఆ తర్వాత ఎర్మా అంది: "అడిగినప్పుడు నేను ఇచ్చుంటే, నువ్వు దాని మీద ఇంకో గుండు కూరి పేల్చేవాడివి. గొట్టం పగిలి నీ చేతులు పోయేవి. నా మొండితనమే నిన్ను కాపాడింది."

"నేను ముందు కర్ర వేసి చూసేవాణ్ణి."

"నువ్వా?"

మాలన్ కొంచెం ఆలోచించాడు. "ఏమో," అన్నాడు.

లూథర్‌కు కబురు చెప్పమంటే, బల్లలవాళ్ళను మైకులో పిలవడం కుదరదన్నారు. కాబట్టి మాలనే మళ్ళీ ఎడమ వరసలో నిలబడి లోపలికి వెళ్ళాడు. చాలాసేపటికి లూథర్ అతని మోచెయ్యి పట్టుకుని బయటికొచ్చాడు. టోపీ చెవుల దాకా లాక్కున్నాడు. సంత ముగిసేదాకా బల్ల వదలకూడదని అక్కడా ఒక రూలు ఉందట. పక్క బల్లాయనను చూస్తుండమని చెప్పి వచ్చేశాడు.

"ఆఖరి రోజున నన్నేం చేస్తారు? వచ్చే ఏడు రావద్దంటారు. నేను రాననేగా చెబుతున్నా!" అన్నాడు. "ఏదీ, ఎక్కడ పెట్టావు?"

ట్రక్కు వెనక తలుపు తెరిచి దుప్పటి అంచు తీశారో లేదో, కార్ల మధ్యనుంచి ఈల వినిపించింది. ఇంకో పసుపు చొక్కా.

"కార్ల జాగాలో ఆయుధాలు చూపించుకోకూడదు! మూయండి!"

"దీన్ని చూడాలంటే ఎక్కడికెళ్ళాలి నాయనా, చంద్రుడి మీదికా?" అన్నాడు లూథర్.

"మా ఆవరణ దాటితే మీ ఇష్టం సార్."

"అయితే మా పాకకే పోదాం. గుండు అక్కడే తీద్దాం," అన్నాడు లూథర్, ఎర్మా పక్కన ఎక్కి కూర్చుంటూ.

మాలన్ బండి స్టార్టు చేస్తుంటే ఎవరో కిటికీ అద్దం మీద కొట్టారు. షానా. పరుగెత్తుకు వచ్చినట్టుంది. చేతిలో కవరు.

"మీ కత్తెర మేడం. మర్చిపోయారు."

ఎర్మా అద్దం దించి తీసుకుంది.  "నిన్ను చాలా మాటలన్నానమ్మా," అంది.

"పొద్దున్నుంచి అన్నవాళ్ళలో మీరే నయం," అని ఆ పిల్ల నవ్వింది. వెళ్ళబోయి ఆగింది. "మా తాత తుపాకి కూడా మా మామ్మ ఇంట్లో గోడకి ఉంది. ఆ కర్ర వేసి చూడ్డం ఎలాగో ఇంకోసారి చెబుతారా?"

ఎర్మా చెప్పింది. ఎక్కడ పట్టుకోవాలో, ఎలా ఆనించాలో తన వేళ్ళతోనే చూపించింది. షానా తలూపుతూ విని, రేడియో పిలుస్తుంటే గుమ్మం వైపు పరుగెత్తింది.

లూథర్ పాక ఇంటి వెనక ఉంది. పాతది, ఇనుప పొయ్యి ఉంది. మాలన్ పొయ్యి అంటించబోతే లూథర్ ఆగమన్నాడు. ముందు మందు బయటికి రావాలి, ఆ తర్వాతే నిప్పు. చలిలోనే పని మొదలుపెట్టారు. లూథర్ తుపాకిని పనిబల్లకున్న ఇనుప పట్టుదవడల మధ్య తోలుముక్కలు వేసి బిగించాడు. కళ్ళతో పని లేనట్టు వేళ్ళే అన్నీ చూస్తున్నాయి. మడమ మీది ఇత్తడి మూత దగ్గరికి వచ్చేసరికి ఆ వేళ్ళు ఆగాయి. మూత అంచు వెంట బొటనవేలు నెమ్మదిగా నడిచింది.

"ఈ మూల కొంచెం వంకర," అన్నాడు. "అప్పుడు మీ నాన్న చూడలేదనుకుని సంతోషపడ్డాను."

"నాన్న చూడకపోవడమా?" అన్నాడు మాలన్.

"అదే. ఎప్పుడో తర్వాత తెలిసింది, చూసీ ఊరుకున్నాడని."

కూరుడుకర్ర కొసకు మరలాంటి మేకు తగిలించి, గొట్టంలోకి దించి, గుండులోకి తిప్పాడు. మాలన్‌ను పట్టి లాగమన్నాడు. మొదటిసారి జారింది. రెండోసారి కూడా జారింది. మూడోసారి మాలన్ కాలు బల్లకు తన్నిపెట్టి లాగాడు. లోపల ఏదో ఊడినట్టు మెత్తగా కదిలి, సీసపు గుండు బయటికొచ్చింది. దాని చుట్టూ చుట్టిన గుడ్డ పేలిక కూడా వచ్చింది. తేనెమైనం, కొవ్వు కలిపి రాసిన గుడ్డ. అంత కాలమైనా జిడ్డు ఆరలేదు.

ఎర్మా దాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళి విప్పింది. తెల్లగుడ్డ మీద సన్నటి నీలం చారలు.

"అమ్మ పరుపు గుడ్డ," అంది.

మాలన్ వచ్చి ఆమె భుజం మీదుగా చూశాడు. ఆ పరుపు మీదే వాళ్ళిద్దరూ గంతులేసి, కింద పలకలు విరగ్గొట్టి దెబ్బలు తిన్నారు. తల్లి పోయాక ఆ పరుపు ఏమైందో ఇద్దరికీ తెలియదు. రూబెన్ దాన్ని కత్తిరించి తుపాకి గుడ్డలు చేసుకున్నాడన్నమాట.

"ఆ రోజు నేనూ ఉన్నాను," అన్నాడు లూథర్. గొట్టాన్ని వంచి, లోపలి మందును ఒక కాగితం మీదికి తట్టి తట్టి రాల్చుతున్నాడు. నల్లటి పలుకులు పొడిగా, నిన్న పోసినట్టే రాలాయి. "క్రిస్మస్ తర్వాత చెకుముకి తుపాకులతో మాత్రమే వేటకు వెళ్ళే రోజులు. వాగు పక్కన దుంగ మీద కూర్చున్నాం. పొద్దు వాలే వేళకు ఒక ఆడజింక, వెనకాల రెండు పిల్లలు. ఇంత దగ్గర. కొట్టు రూబెన్, అని గొణిగాను. తుపాకి ఎత్తాడు. చూశాడు. మళ్ళీ దించాడు. 'ఇవాళ చూడ్డానికే బాగున్నాయి' అన్నాడు. ఇంటి దగ్గర దింపుతూ, మందు తీసేయనా అని అడిగాను. 'వేళ్ళు కొంకర్లు పోయాయి, రేపు నేనే తీస్తాలే' అన్నాడు. మర్నాడు పొద్దునే గదా ఆసుపత్రి. ఆ కంగారులో మందు సంగతే మర్చిపోయాను."

 జింక ముందు తండ్రి తుపాకి దించడం ఎర్మాకు కళ్ళకు కట్టింది. మొండి మనిషి, మాట తక్కువ మనిషి, చెత్తడబ్బా నింపిన మనిషి. ఆయన గురించి కొత్త సంగతి వినడం ఇక ఉండదనుకుంది ఆమె. ఇరవై ఏళ్ళ తర్వాత ఇవాళ ఒకటి దొరికింది.

లూథర్ కాగితం పట్టుకుని బయటికి నడిచాడు. మంచు తుడిచేసిన రాతి పలక మీద మందును కుప్పగా పోసి, అందర్నీ వెనక్కి నిలబడమని, పొడుగు పుల్లతో అంటించాడు. బుస్సుమని తెల్లటి పొగ లేచింది. గంధకం వాసన. ఆ పొగ పైకి పోలేదు, చలికి బరువెక్కి వాళ్ళ మధ్యే తిరిగింది. సంత రోజున తండ్రి ఇంటికొచ్చి కోటు విప్పి మేకుకు తగిలించేవాడు. ఆమె ఆ కోటులో ముఖం పెట్టి నిలబడేది. అది ఈ వాసనే. ఎర్మా కళ్ళు మూసుకుని, పొగ విడిపోయేదాకా అక్కడే నిలబడింది.

తర్వాత పొయ్యి అంటించి, కాఫీ కాచుకుని, పై తిన్నారు. లూథర్ తుపాకిని ఒళ్ళో పెట్టుకునే తిన్నాడు. తల పక్కకు తిప్పి, కంటికొసతో కర్ర మీది చారలు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఏదైనా అంటాడేమోనని ఎర్మా చూసింది.  ఇంకో ముక్క పై అడిగాడు. ఆ తర్వాత తనే తుపాకిని దుప్పట్లో చుట్టి ఎర్మా చేతికి అందించాడు.

తిరుగుదారిలో ఎర్మా ఇంటి ముందు ట్రక్కు ఆగింది. ఆమె దిగింది గానీ దుప్పటి చుట్ట తీసుకోలేదు.

"అక్కా, నీ తుపాకి."

"తీసుకెళ్ళు."

"అంటే?"

"అంటే తీసుకెళ్ళమని. చెవుడొచ్చిందా? కొన్నాళ్ళు నీ గోడకు ఉండనీ. వచ్చే శీతాకాలం వేటకు తీసుకెళ్దువుగాని. నేనూ వస్తాను."

"నువ్వా? ఆ చలిలో దుంగ మీద కూర్చుంటావా?"

"నాన్న కూర్చోలేదా?"

"నువ్వొస్తే అడవిలో ఒక్క జింక నిలబడదే. నీ గొంతుకి మైలు దూరం పారిపోతాయి."

"పారిపోనీ. వాటిని కొట్టాలని ఎవడికుంది?" అని తలుపు వేసి, మెట్ల మీద గడ్డకట్టిన మంచును చూసుకుంటూ ఎక్కింది. మాలన్ ఇంజను ఆపకుండా, ఆమె లోపలికెళ్ళి దీపం వేసేదాకా ఉండి, అప్పుడు నెమ్మదిగా బండి తిప్పాడు.